నాన్న ఇచ్చిన జీపీఏ నా చేతిలో ఉంది, నాన్నకు మాత్రం జ్ఞాపకం లేదు: స్థలం అమ్మొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారికి 79 ఏళ్లు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. 2019లో మోకాలి ఆపరేషన్‌కి వెళ్లే ముందు తన ఆస్తుల వ్యవహారాలన్నీ చూసుకోమని నా పేరిట జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున పనులు చేసే అధికార పత్రం) రాసి రిజిస్టరు చేయించారు. అమ్మే అధికారం కూడా అందులో ఉంది. నిరుడు గుంటూరులో న్యూరాలజిస్టు డిమెన్షియా అని తేల్చారు. పొద్దున పూట పేపరు చదివి బాగానే మాట్లాడతారు. సాయంత్రానికి నన్ను మా మేనత్త పేరుతో పిలుస్తారు. మందులకీ, మనిషిని పెట్టడానికీ ఖర్చు పెరిగింది. అందుకని ఆయన పేరున ఉన్న ఇళ్లస్థలం అమ్మకానికి పెట్టి, 5 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాను. "జీపీఏ రిజిస్టరైంది, ఇర్రివోకబుల్ (రద్దు చేయలేనిది) అని కూడా రాశారు, నాన్నగారు బతికే ఉన్నారు, జీపీఏ అమల్లో ఉందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టండి చాలు" అంటున్నారు డాక్యుమెంట్ రైటర్. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య కూడా, మనిషికి మతి తప్పినా పవర్ ఆఫ్ అటార్నీ నడుస్తుంది, ఇక్కడ అందరూ అలాగే చేస్తారు అంటున్నాడు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు మాత్రం సుప్రీంకోర్టు జీపీఏ అమ్మకాలన్నీ చెల్లవని చెప్పిందంటున్నాడు. ఇది కాక, షాపు ఖాళీ చేయించడానికి నాన్న వేసిన దావా కోర్టులో నడుస్తోంది. ఆయన బదులు నేను సాక్ష్యం చెప్పొచ్చా? వకీలు ఖర్చు లేకుండా నేనే వాదించుకోవచ్చా? అన్నయ్య తన ఫ్లాట్ కోసం నాకు జీపీఏ పంపుతానంటున్నాడు, అదెలా? అమ్మకు 72, ఆరోగ్యంగానే ఉంది. ఆమె చేత కూడా ఇప్పుడే జీపీఏ రాయించుకోవాలా? (పేరు వద్దన్నారు)

సమాధానం: నమస్తే అమ్మా. అన్నిటికంటే ముందు తేలాల్సింది స్థలం సంగతి కాబట్టి అదే మొదట చెబుతాను. ఆ జీపీఏతో సేల్ డీడ్ మీద సంతకం పెట్టకండి. ఆ డిక్లరేషన్ మీద అసలే పెట్టకండి.

పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టమని 1882 నాటిది ఒకటి ఉంది కానీ అందులో ఉన్నవి గుప్పెడు సెక్షన్లే. అధికారం ఎలా పుడుతుంది, ఎంతవరకు నడుస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నదంతా 1872 కాంట్రాక్టు చట్టం పదో అధ్యాయంలో, ఏజెన్సీ గురించి చెప్పిన చోట ఉంది. జీపీఏ ఇచ్చినాయన యజమాని, పుచ్చుకున్న మీరు ఆయన ఏజెంటు. 201వ సెక్షన్ ప్రకారం యజమాని రద్దు చేస్తే ఏజెన్సీ పోతుంది, ఏజెంటు వదులుకున్నా పోతుంది, అప్పగించిన పని పూర్తయినా పోతుంది. ఇద్దరిలో ఎవరు చనిపోయినా పోతుంది. ఇద్దరిలో ఎవరికి మతిస్థిమితం తప్పినా పోతుంది. ఈ చివరి మాట చాలామంది చదవరు. చావు గురించి అందరికీ తెలుసు, అందుకే డాక్యుమెంట్ రైటర్లు 'బతికే ఉన్నారా' అని అడుగుతారు. మతి సంగతి ఎవరూ అడగరు. చట్టం మాత్రం రెంటినీ ఒకే వాక్యంలో పెట్టింది.

దీనికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, రద్దు పత్రం రాయనక్కర్లేదు. నాన్నగారు తన ఆస్తి గురించి తాను నిర్ణయం తీసుకోలేని స్థితికి వచ్చారంటే అధికారం దానంతట అదే ఆగిపోతుంది. ఎందుకంటే మీరు పెట్టే సంతకం చట్టం దృష్టిలో ఆయన సంతకమే. మీరేం చేస్తున్నారో తెలుసుకుని, నచ్చకపోతే వద్దనగలిగే మనిషి వెనకాల ఉన్నంతవరకే అది చెల్లుతుంది.

రిజిస్టరైన పత్రం కదా అంటారు. రిజిస్ట్రేషన్ వల్ల తేలేది ఒకటే, 2019లో ఆ రోజు నాన్నగారు స్వయంగా వచ్చి ఇష్టపూర్వకంగా సంతకం పెట్టారని. ఆ తర్వాత జరిగినవాటికి ఆ ముద్ర పూచీ పడదు.

'ఇర్రివోకబుల్' అన్న మాట సంగతి చెబుతాను. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టుపక్కల దీని మీద ఉన్నంత గుడ్డి నమ్మకం ఇంకో మాట మీద లేదు. రద్దు కాని అధికారం అనేది నిజంగానే ఉంది, 202వ సెక్షన్‌లో. అయితే అది ఏజెంటుకు ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు: అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినవాడికి తన భూమి అమ్మి బాకీ రాబట్టుకోమని అధికారం ఇస్తే, దాన్ని అప్పు తీసుకున్నవాడు రద్దు చేయలేడు, అతను పోయినా, మతి తప్పినా అది ఆగదు. మీ విషయం అది కాదు. మీరు ఆయన కూతురు, రేపు వారసురాలు కూడా కావచ్చు. అయినా వారసత్వం మీద ఉన్న ఆశ ఈ సెక్షన్ చెప్పే ప్రయోజనం కిందికి రాదు. నాన్నగారు మీకు ఇచ్చింది తన పని చూసిపెట్టే బాధ్యత. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు భూమికి సంబంధించిన అనంతమూర్తి - మంజుల కేసులో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే చెప్పింది. పత్రం మీద ఇర్రివోకబుల్ అని రాసినంత మాత్రాన అది అలా అయిపోదని, లోపల ఏముందో చూడాలని, ఏజెంటుకు ప్రయోజనం లేని జీపీఏ యజమాని మరణంతో ముగిసిపోతుందని.

డిక్లరేషన్ ఎందుకు వద్దన్నానంటే, జీపీఏ అమల్లో ఉందని మీరు రాసిచ్చేది సబ్ రిజిస్ట్రార్ ముందు. తెలిసి తప్పు చెబితే రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరం. డాక్టరు రిపోర్టు మీ దగ్గరే ఉంది కాబట్టి నాకు తెలియదనే అవకాశం మీకు లేదు. ఏజెన్సీ ముగిసిన సంగతి ఏజెంటుకు తెలిసినప్పటి నుంచి ఏజెంటు విషయంలో, బయటివాళ్లకు తెలిసినప్పటి నుంచి వాళ్ల విషయంలో లెక్కకు వస్తుందని కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ చెబుతోంది. అంటే ఏమీ తెలియని కొనుగోలుదారుకు కొంత రక్షణ ఉండొచ్చేమో గానీ మీకు లేదు. రేపు తమ్ముడు దావా వేశాడనుకోండి, న్యూరాలజిస్టు రిపోర్టు తేదీనీ, సేల్ డీడ్ తేదీనీ పక్కపక్కన పెడితే చాలు.

తమ్ముడి మాట కూడా సరిచేయాలి. ఆయన అంటున్నది 2011 అక్టోబరు నాటి సూరజ్ ల్యాంప్ తీర్పు. సేల్ డీడ్ లేకుండా, స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపి రాసుకుని దాన్నే అమ్మకం అనడం చెల్లదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. భార్యకో, కొడుక్కో, కూతురికో, తోబుట్టువుకో నిజంగా వ్యవహారాలు చూసుకోమని, తన తరఫున సేల్ డీడ్ రాసిమ్మని ఇచ్చే జీపీఏలకు ఈ తీర్పు అడ్డు రాదని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి 2019లో మీ నాన్నగారు రాసింది మంచి పత్రమే. 2022లో మీరు దాంతో స్థలం అమ్మి ఉంటే ఎవరూ వేలు పెట్టేవారు కాదు. ఇప్పుడు వచ్చిన ఇబ్బంది నాన్నగారి ఆరోగ్యంతో వచ్చింది.

అన్నయ్య చెప్పింది అమెరికా వరకు నిజం. అక్కడి రాష్ట్రాల్లో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, ఇచ్చిన మనిషికి మతి తప్పినా అది నడుస్తూనే ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ 2007 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మన కాంట్రాక్టు చట్టంలో అలాంటిది లేదు. తెనాలిలో ఉన్న స్థలం అమ్మకానికి మన చట్టమే వర్తిస్తుంది, డల్లాస్‌లో ఏం నడుస్తుందన్నది ఇక్కడ పనికిరాదు.

సరే, అయితే దారే లేదా? ఉంది. మీ ఉత్తరంలో 'పొద్దున పూట బాగానే మాట్లాడతారు' అన్న మాట దగ్గర నేను ఆగాను. డిమెన్షియా అని రిపోర్టు వచ్చినంత మాత్రాన మనిషి చట్టం దృష్టిలో మతిలేనివాడైపోడు. ఒప్పందం చేసుకునే సమయానికి దాన్ని అర్థం చేసుకుని, తనకు లాభమో నష్టమో తూచుకోగలిగితే ఆ మనిషి స్థిమితంగా ఉన్నట్టేనని కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మామూలుగా స్థిమితం లేని మనిషికైనా మధ్యలో స్థిమితం వచ్చిన సమయంలో ఒప్పందం చేసుకునే హక్కు ఉందని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఇది చిన్న మాట కాదు. జబ్బు పేరు వినగానే మనిషిని పక్కన కూర్చోబెట్టి ఆయన ఆస్తి గురించి ఆయన ఎదుటే ఆయన్ను వదిలేసి మాట్లాడుకుంటాం మనం. చట్టం అలా చేయవద్దంటోంది.

కాబట్టి ముందు నాన్నగారితోనే మాట్లాడండి. పొద్దున, టిఫినయ్యాక, ఆయన కుదురుగా ఉన్నప్పుడు. ఏ స్థలం, ఎక్కడుంది, ఎప్పుడు కొన్నారు, ఎవరికి ఎంతకు అమ్ముతున్నాం, ఎందుకు, డబ్బు ఎక్కడికి పోతుంది అని అడగండి. జవాబులు మీరు అందించకండి. మరునాడు మళ్లీ అడగండి. రెండుసార్లూ ఆయన మాట ఒకే దారిన ఉంటే, అమ్మమనే ఆయన అంటే, ఆయన్ను చూసే న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించి, ఈ స్థలం అమ్మే నిర్ణయాన్ని ఆయన అర్థం చేసుకోగలరా లేదా అన్న ఒక్క విషయం మీద రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. 'ఆరోగ్యంగా ఉన్నారు' అన్న సర్టిఫికెట్ ఇలాంటి చోట పనికిరాదు. రిజిస్ట్రేషన్‌కి ఒకటి రెండు రోజుల ముందు తీసుకున్నది అయితేనే విలువ.

అప్పుడు సేల్ డీడ్ మీద సంతకం ఆయనే పెడతారు, మీ జీపీఏతో పనే లేదు. ఆఫీసుకు రాలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారును ఇంటికి రమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 31, 38 సెక్షన్లు అందుకే ఉన్నాయి. వచ్చిన అధికారి నాన్నగారిని అడుగుతారు. మనిషికి మతిస్థిమితం లేదనిపిస్తే 35వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిరాకరించాల్సిందే, దాని మీద ఆ అధికారిని బతిమాలకండి, ఒత్తిడి పెట్టకండి. అన్నయ్య, తమ్ముడు ఇద్దరూ ముందే తమకు అభ్యంతరం లేదని రాసిస్తే, వీలైతే తమ్ముడే సాక్షి సంతకం పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది. డబ్బు మొత్తం నాన్నగారి ఖాతాలోకే వెళ్లాలి. పది వేలైనా మీ ఖాతాలో పడొద్దు.

ఇందులో ఎక్కడైనా ఆయన తడబడుతున్నారు, అర్థం కావడం లేదు అనిపిస్తే అక్కడే ఆపేయండి. చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

నాన్నగారే సంతకం పెట్టే ఆ దారి మూసుకుపోయి ఉంటే మిగిలేది హైకోర్టు. ఇది నాకు బాధ కలిగించే విషయం, దాచుకోను. 1987 నాటి మెంటల్ హెల్త్ చట్టంలో జిల్లా కోర్టు విచారించి, మతిస్థిమితం లేనివారి ఆస్తికి మేనేజరును నియమించే ఏర్పాటు ఉండేది. 2017లో కొత్త మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమల్లోకి వచ్చింది. రోగి హక్కుల విషయంలో అది చాలా మంచి చట్టం. కానీ ఆస్తి మేనేజరు ఏర్పాటు అందులో లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద గార్డియన్‌ను వేయొచ్చు గానీ అది ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో పరిమిత గార్డియన్ అనే ఏర్పాటు ఉంది, కానీ అది ఆ వ్యక్తితో సంప్రదించి నిర్ణయాలు తీసుకోవడం కోసం. ఎనభై ఏళ్ల వయసులో మతిమరుపు వచ్చి, నిర్ణయం తీసుకోలేని మనిషి ఆస్తిని చూసుకోవడానికి నేరుగా సరిపోయే చట్టం మనకు లేదు. ముసలితనం పెరుగుతున్న దేశంలో, పిల్లలు ఊళ్లు వదిలి వెళ్లిన మన జిల్లాల్లో ఈ లోటు ఎన్ని ఇళ్లలో ఉందో మీ ఉత్తరం లాంటివి వచ్చినప్పుడల్లా అనిపిస్తుంది. పార్లమెంటు దీన్ని పూడ్చి తీరాలి.

అంతదాకా హైకోర్టులే ఆదుకుంటున్నాయి. నిస్సహాయులకు రాజ్యమే తల్లిదండ్రి అన్న పాత సూత్రం మీద, రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేస్తే సంరక్షకులను నియమిస్తున్నాయి. 2019లో కేరళ హైకోర్టు, కోమాలో ఉన్నవారి విషయంలో ఒక పద్ధతి పెట్టింది: మెడికల్ బోర్డు మనిషిని చూడాలి, తహసీల్దారుకు తగ్గని అధికారి ఇంటి పరిస్థితి విచారించాలి, ఆస్తులన్నిటి వివరాలు, వారసులందరి వివరాలు కోర్టు ముందు పెట్టాలి, నియమితులైనవారు ఆరు నెలలకోసారి లెక్కలు దాఖలు చేయాలి. తర్వాత వేరే హైకోర్టులు డిమెన్షియా కేసుల్లోనూ ఇలాగే సంరక్షకులను వేశాయి. మీరు అమరావతిలో రిట్ వేయాలి. అన్నదమ్ములిద్దరి నుంచీ, అమ్మగారి నుంచీ అంగీకార అఫిడవిట్లు జతచేస్తే పని తేలికవుతుంది. స్థలం అమ్మడానికి అనుమతి కావాలని అదే పిటిషన్‌లో అడగండి, ఖర్చుల చిట్టా పెట్టండి, మార్కెట్ ధర చూపించండి.

కొనుగోలుదారుకు ఇవాళే నిజం చెప్పండి, నోటితో కాదు, రాతలో. మతిమరుపు సంగతి చెప్పి, నాన్నగారే సంతకం పెట్టగలిగితే ఫలానా పద్ధతిలో, లేకపోతే కోర్టు అనుమతి వచ్చాక అమ్ముతాం, ఆగలేకపోతే 5 లక్షలు వెనక్కి ఇస్తాం అని. అడ్వాన్సు ఖర్చు పెట్టకుండా ఉంచి ఉంటే మంచిది. వాళ్లు నొచ్చుకుంటారు, అయినా రేపు కేసుల్లో చిక్కుకోవడం కంటే వాళ్లకూ ఇదే మేలు.

ఈలోపు జీపీఏ పోయింది కదా, కరెంటు బిల్లు కూడా కట్టకూడదా అని భయపడకండి. కాంట్రాక్టు చట్టం 209వ సెక్షన్ మీలాంటివారి కోసమే. యజమాని పోయినా, మతి తప్పినా, అప్పటిదాకా తన చేతిలో ఉన్న ఆయన ప్రయోజనాలను కాపాడే చర్యలన్నీ ఏజెంటు తీసుకోవాల్సిందే. అది మీ హక్కే కాదు, విధి. పన్ను కట్టండి, షాపు అద్దె ఆయన ఖాతాలో పడేలా చూడండి, స్థలం చుట్టూ కంచె కట్టించండి. అమ్మడం, తాకట్టు పెట్టడం, దానం చేయడం మాత్రం ఇందులోకి రావు. 2019 నుంచి చేసిన ప్రతి జమాఖర్చూ ఒక పుస్తకంలో రాసి పెట్టండి. 213వ సెక్షన్ ప్రకారం ఏజెంటు లెక్క చెప్పాలి. చట్టం అడక్కపోయినా తమ్ముడు అడుగుతాడు, ఆయన అడగడంలో తప్పూ లేదు.

పింఛను ఖాతా గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే రేపు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. చెయ్యి వణికి సంతకం పెట్టలేని పింఛనుదారుల నుంచి ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయ్యేలా, వేలిముద్ర తీసుకుని డబ్బు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది ఒంట్లో సత్తువ లేనివారికే, అర్థం చేసుకునే శక్తి పోయినవారికి కాదు. అమ్మగారి పేరుతో 'ఈదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే) జాయింటు ఖాతా ఉందేమో చూడండి. లేకపోతే, నాన్నగారు ఇంకా స్థిమితంగా ఉండే పొద్దుటి పూట బ్యాంకుకు వెళ్లి ఏర్పాటు చేసుకోండి. మందులకు కావలసిన నెలవారీ డబ్బుకు ఇదొక్కటే సరిపోతుంది చాలా ఇళ్లలో. చికిత్స విషయంలో నిర్ణయాలకు మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద మీరు నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా (రోగి తరఫున నియమితులైన ప్రతినిధిగా) ఉండొచ్చు, కానీ దానికీ స్థలానికీ సంబంధం లేదు. ఆ కాగితం చూపించి ఆస్తి పని ఏదీ చేయలేరు.

ఇక షాపు దావా. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డర్ ప్రకారం జీపీఏ ఉన్నవారు యజమాని తరఫున కోర్టుకు హాజరు కావచ్చు, దరఖాస్తులు వేయొచ్చు, వకాలత్ మీద సంతకం పెట్టొచ్చు. వాదించడం వేరే. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం వాదించే హక్కు న్యాయవాదులదే. న్యాయవాది కాని మనిషిని ఒక ప్రత్యేకమైన కేసులో కోర్టు అనుమతించవచ్చు, అది కోర్టు దయ, మీ జీపీఏతో వచ్చే హక్కు కాదు. తన కేసు తాను వాదించుకునే హక్కు ఉన్నది నాన్నగారికి, అది ఆయనతోనే ఉంటుంది, జీపీఏ ద్వారా చేతులు మారదు.

సాక్ష్యం విషయంలో 2004 డిసెంబరులో వచ్చిన జానకీ భోజ్వానీ - ఇండస్ఇండ్ బ్యాంకు తీర్పు తెలుసుకోండి. జీపీఏ ఉన్న మనిషి తాను చేసిన పనుల గురించి, తనకు స్వయంగా తెలిసిన విషయాల గురించి సాక్ష్యం చెప్పొచ్చు. యజమానికి మాత్రమే తెలిసిన విషయం గురించి ఆయన బదులు చెప్పడం కుదరదు. 2019 తర్వాత అద్దె మీరే వసూలు చేశారు, ఎప్పుడు ఆగిపోయిందో మీకు తెలుసు, అది నిస్సంకోచంగా చెప్పండి. అంతకు ముందు షాపులో కూర్చుని నాన్నగారూ ఆ కిరాయిదారూ మాట్లాడుకున్నదాని గురించి మీరు ఏం చెప్పినా క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు. దానికి అద్దె రసీదులు, అప్పటి అగ్రిమెంటు, ఆ మాటలు విన్న అమ్మగారు ఉన్నారేమో వెతకండి.

నాన్నగారికి ఇప్పుడు స్థిమితం లేదంటే, ఆ కేసులోనూ మీ జీపీఏ పక్కన పెట్టాల్సిందే. మీ వకీలుతో చెప్పి సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 15వ రూలు కింద ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయించండి. మానసిక అశక్తత వల్ల తన ప్రయోజనాలు కాపాడుకోలేని మనిషి తరఫున కోర్టు నెక్స్ట్ ఫ్రెండ్‌ను, అంటే ఆయన బదులు కేసు నడిపే మనిషిని, అనుమతిస్తుంది. కోర్టు చిన్న విచారణ చేస్తుంది, మెడికల్ రికార్డు అడుగుతుంది. అనుమతి వచ్చాక కొత్త వకాలత్ ఇవ్వాలి. ఒక జాగ్రత్త: ఆ హోదాలో ఉన్నవారు కోర్టు అనుమతి లేకుండా రాజీ చేసుకోకూడదు. కిరాయిదారు ఎంతో కొంత ఇస్తాను సర్దుకుందాం అంటే, ముందు జడ్జిగారి అనుమతి, తర్వాతే సంతకం. వకీలు ఫీజు భారమైతే మీ మండల న్యాయసేవల కమిటీలో అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హత 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలో ఉంది. వాది మీ నాన్నగారు కాబట్టి ఆయన పరిస్థితి, మీ పరిస్థితి రెండూ చెప్పి అడగండి.

అన్నయ్య జీపీఏ సంగతి తేలికే. స్కాన్ కాపీ పనికిరాదు, అసలు పత్రం రావాలి. డల్లాస్‌లో నోటరీ ముందు సంతకం పెట్టి ఆ రాష్ట్రం వాళ్ల అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) ముద్ర వేయించి పంపొచ్చు, లేదా మన కాన్సులేట్ ధ్రువీకరణ తీసుకుని పంపొచ్చు. అపోస్టిల్ ఒప్పందం మన దేశానికి 2005 జూలై నుంచి వర్తిస్తుంది. అయితే మన ఆఫీసుల్లో కాన్సులేట్ ముద్రకు అలవాటు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ, కాబట్టి నేనైతే అదే చేయమంటాను. పత్రం ఇండియాలో మొదట అందిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి, స్టాంపు చట్టం 18వ సెక్షన్. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో వాలిడేషన్ అంటారు దాన్నే. కొరియర్ కవరు పారేయకండి, ఏ రోజు అందిందో చూపేది అదే. పత్రంలో ఫ్లాట్ నంబరు, డోరు నంబరు, అమ్మే అధికారం ఉందా, డబ్బు పుచ్చుకునే అధికారం ఉందా అన్నవి విడివిడిగా రాయించండి. జీపీఏలో లేని అధికారాన్ని ఊహించి కోర్టులు ఇవ్వవు. అమ్మకానికైతే ఆ ఒక్క ఫ్లాట్ వరకు స్పెషల్ పవర్ చాలు, జనరల్ అక్కర్లేదు.

అమ్మగారి చేత జీపీఏ రాయించుకోవచ్చు, ఆమెకు ఇష్టమైతే. కానీ మీకు కావలసిన రక్షణ అది ఇవ్వదు, ఎందుకంటే నాన్నగారి జీపీఏకు ఏమైందో రేపు దానికీ అదే కావచ్చు. ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయాల్సినవి వేరే ఉన్నాయి. వీలునామా ఆమే రాయాలి, జీపీఏ ఉన్నవారు ఎవరి తరఫునా వీలునామా రాయలేరు. ఇద్దరు సాక్షులు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడమే మంచిది. ఖాతాలు జాయింటు చేయాలి. చికిత్స విషయంలో ఎవరి మాట వినాలో, వెంటిలేటరు వంటివి ఎంతవరకు కోరుకుంటుందో ముందే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో ఇందుకు ఒప్పుకుంది, 2023 జనవరిలో నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో చేస్తే చాలని తేలిక చేసింది. పెద్ద ఆస్తి ఉంటే ప్రైవేటు ట్రస్టు పెట్టి ఆమెనూ మిమ్మల్నీ ట్రస్టీలుగా వేయొచ్చు, రాసిన మనిషికి తర్వాత ఏమైనా ట్రస్టు ఆగదు, కాకపోతే స్టాంపు ఖర్చు చూసుకోవాలి. ఆమె పిల్లలకు ఏదైనా ఇప్పుడే రాసిచ్చేయాలనుకుంటే, తన పోషణ చూడాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. మీరు పక్కన కూర్చుని రాయించకండి. ఆమెకు నమ్మకమైన వేరే వకీలు దగ్గరికి ఆమెను ఒక్కతినే పంపండి, ఏం రాయాలో ఆమె చెప్పుకోనివ్వండి.